విద్యకు వెల — డాక్టరు అంబేడ్కరుగారి విద్యార్థి జీవితము

విద్య దొంగల కందని ధనమని మన పెద్దలు చెప్పుదురు. ఆ మాట సత్యమే. కాని యా ధనము నార్జించుటకు దొంగల కందెడు ధనమే ముందుగా వలయును. ముప్పదియేండ్లకు పైగా పాఠశాలలో సంస్కృతాంధ్రములు బోధించిన మా యనుభవమున, బుద్ధి చాలక చదువు మానినవారికంటె ఫీజు చాలక మానినవారినే యెక్కువగా చూచితిమి. పరీక్షకు కట్టవలసిన స్వల్పపు రొక్కము గడువునాటికి చేతికందక ఒక సంవత్సరమును పోగొట్టుకొని, మరల తరగతి గుమ్మము త్రొక్కని శిష్యుల ముఖములు నేటికిని మా కన్నుల యెదుట నున్నవి.

అందుచేత ఈ వార్షిక మహాసభా సంచిక కొక మహాపురుషుని చరిత్రము వ్రాయుడని కార్యవర్గమువారు మమ్ము కోరినపుడు, డాక్టరు భీమరావు రామ్‌జీ అంబేడ్కరుగారి చరిత్రమునే యెన్నుకొంటిమి. కులనిర్మూలనమును కోరిన మహాశయుని చరిత్రము కులసంఘ సంచికలో నుండుట కొందఱికి వింతగా తోచవచ్చును. ఆ వింతకు సమాధానము వ్యాసాంతమున చెప్పెదము. ఆయన రాజ్యాంగ రచనా సంఘమునకు అధ్యక్షులై చేసిన సేవ సర్వజన విదితము. ఆయన చదువునకు ఎవరు ఎంత యిచ్చిరో, ఏ సొమ్ము చాలక ఏ పట్టము ఎన్నేండ్లు నిలిచిపోయెనో యెఱిగినవారు తక్కువ. ఆ లెక్కయే మేమిచ్చట చెప్పదలచినది.

అంబేడ్కరుగారు 1891 ఏప్రిల్ 14వ తేదీన మహూ దండుపట్టణమున మహార్ కులమునందు జన్మించిరి. తండ్రి రామ్‌జీ సక్పాల్ సైన్యమున సుబేదారు, తల్లి భీమాబాయి. అంటరానివాడని తరగతిలో వేఱుగా కూర్చుండబెట్టబడిన యా బాలుడు 1907లో బొంబాయి నగరమున మెట్రిక్యులేషను పరీక్షయం దుత్తీర్ణుడయ్యెను. కొలువు నుండి విరమించిన తండ్రి పింఛను కళాశాల చదువునకు చాలునది కాదు. అపుడు కృష్ణాజీ అర్జున్ కేళూస్కర్ అను నుపాధ్యాయుడు ఈ బాలుని సంగతిని బరోడా మహారాజగు శాయాజీరావు గైక్వాడుగారి దృష్టికి తెచ్చెను. మహారాజు నెలకు 25 రూపాయల విద్యార్థి వేతన మొసగిరి. ఎల్ఫిన్‌స్టన్ కళాశాలలో చదివి 1912లో అంబేడ్కరుగారు బి.ఏ. పట్టమునొందిరి. కేళూస్కరు ధనవంతుడు కాడు. ఒక దాతకును ఒక విద్యార్థికిని నడుమ వంతెన కట్టెను; అంతే. ఆ వంతెన లేకున్న బరోడా ధనాగారము బరోడాలోనే యుండును, బొంబాయి బాలుడు బొంబాయిలోనే యుండును.

1913 ఫిబ్రవరిలో తండ్రి స్వర్గస్థులైరి. ఆ యేటనే బరోడా సంస్థానమువారు కొందఱు విద్యార్థులను అమెరికాకు పంప నిశ్చయించి, వారిలో అంబేడ్కరుగారిని చేర్చుకొనిరి. వేతనము నెలకు పదునొకొండున్నర పౌనులు, కాలపరిమితి మూడేండ్లు. నాటి మారకమున పౌనుకు 15 రూపాయలు గనుక నెలకు 172 రూపాయల 8 అణాలన్నమాట. చదువు ముగిసిన పిమ్మట పదేండ్లు సంస్థానమున కొలువు చేయవలెనని ఒడంబడిక వ్రాయించుకొనిరి. 1913 జూలైలో ఆయన న్యూయార్కు చేరి కొలంబియా విశ్వవిద్యాలయమున ప్రవేశించిరి.

వేతనమునకు కాలపరిమితి యుండుటచే ప్రతిదినమును సొమ్మే యని యాయన గ్రహించిరి. అర్థశాస్త్రమున 29, చరిత్రమున 11, సమాజశాస్త్రమున 6 పాఠ్యాంశములను చదివిరనియు, తత్త్వశాస్త్ర మానవశాస్త్రములను గూడ విడువలేదనియు విశ్వవిద్యాలయపు పట్టికలవలన తెలియుచున్నది. తిండి తగ్గించి, వినోదములు మాని, మిగిలిన దానిలో ఇంటికి కొంత పంపుచు, పాత పుస్తకముల యంగళ్లలో సుమారు రెండువేల గ్రంథములను కొనిరి. 1915లో ఎం.ఏ. పట్టము లభించెను. 1916 నాటికి డాక్టరు పట్టమునకు వలయు పరిశోధనమును సాగించి ప్రబంధమును సమర్పించిరి.

ఇచ్చటనే తొలి యడ్డంకి కలిగెను. కొలంబియావారి యప్పటి నియమము ననుసరించి, ప్రబంధము అచ్చుపడి ముద్రిత ప్రతులు విశ్వవిద్యాలయమునకు చేరినగాని డాక్టరు పట్టము చేతికి రాదు. పాఠము లయినవి, పరిశోధన మయినది; మిగిలినది అచ్చు ఖర్చు. నెలవేతనముపై బ్రదుకు విద్యార్థికి అది యలవియగునా? ఆ ప్రబంధము వృద్ధిచేయబడి లండను నగరమున పి. ఎస్. కింగ్ సంస్థవారిచే ముద్రితమైనది 1925లో. పట్టము వచ్చినది 1927లో. బ్రిటిషు ఇండియాలో రాష్ట్రముల ఆర్థిక వ్యవస్థ పరిణామమును గుఱించిన యా గ్రంథమును, తన విద్యకు చేసిన సాయమునకు కృతజ్ఞతగా ఆయన శాయాజీరావు మహారాజున కంకిత మిచ్చిరి. పాఠకులు ఈ రెండు సంవత్సరములను, 1916ను 1927ను, జ్ఞాపకముంచుకొందురు గాక.

1916లో అమెరికానుండి లండనునకు పోయి, ధర్మశాస్త్ర పఠనమునకై గ్రేస్ ఇన్‌నందును, అర్థశాస్త్రమునకై లండను స్కూల్ ఆఫ్ ఎకనామిక్సునందును చేరిరి. బరోడావారు గడువు నొక యేడు పొడిగించిరి. 1917లో అదియు తీఱెను. చదువు సగములో నుండగానే స్వదేశమునకు మరలవలసివచ్చెను. నాలుగేండ్లలోపల తిరిగివచ్చి చదువు ముగించుకొనుటకు విశ్వవిద్యాలయమువారు అనుమతించుట యొక్కటియే ఊరట. అది యుద్ధకాలము. ఆయన పుస్తకములున్న యోడ శత్రువుల జలాంతర్గామిచే ముంపబడెను. పస్తులుండి కొన్న గ్రంథములు పెక్కు సముద్రము పాలయ్యెను.

ఒడంబడిక చొప్పున బరోడాకు పోయి కొలువున చేరిరి. కొలంబియా పట్టభద్రునకు ఆ నగరమున అద్దెకొక గది దొరకలేదు. కచ్చేరిలో బంట్రోతులు కాగితములను చేతికీయక దూరమునుండి విసరిరి. పారసీల సత్రమున మాఱుపేరుతో తలదాచుకొనగా, సంగతి తెలిసి కఱ్ఱలు పట్టుకొని వచ్చినవారు ఆయనను వెడలగొట్టిరి. దాత యిచ్చిన ధనము విద్య నొసగెను గాని ఆ దాత పట్టణమున నిలువ నీడ నొసగలేకపోయెను. పదేండ్ల ఒడంబడిక యట్లు కొలది దినములలోనే ముగిసెను. ఇది విద్యార్థి తప్పని యెవ్వరనగలరు?

1918 నవంబరులో బొంబాయి సిడెన్‌హాం కళాశాలలో అర్థశాస్త్రాచార్య పదవి లభించెను. జీతము నెలకు 450 రూపాయలు. ఆ జీతమునుండి పొదుపు చేయుచు, లండనులో విడిచివచ్చిన చదువునకు మూలధనము కూర్చుకొనిరి. అది చాలకపోగా, సహాధ్యాయియగు నవల్ భథేనా యను పారసీ మిత్రుడు 5,000 రూపాయలు ఋణముగా నిచ్చెను. కొల్హాపురము మహారాజగు శాహూ ఛత్రపతి కొంత సాయపడిరి. 1920లో మరల లండను చేరిరి.

ఇంటి సంగతియు లెక్కలో చేరవలసినదే. భార్య రమాబాయిగారు బొంబాయిలో ఇఱుకు గదిలో కాలము గడిపిరి. పుట్టిన యైదుగురు బిడ్డలలో నలుగురు పసితనముననే గతించిరి. విద్యార్థి విదేశమున తినని పూటలను మన మెంచుదుము గాని, స్వదేశమున ఆతని యింటివారు తినని పూటల నెంచువారు లేరు. విద్యా వ్యయమున సగము ఎవరి ఖాతాలోనో వ్రాయబడియుండును.

లండనులో ఆయన దినచర్య సుప్రసిద్ధమే. ఉదయమున స్వల్పపు ఫలాహారము, గ్రంథాలయము తలుపులు తెఱచినది మొదలు మూసినదాక పఠనము, బండి బాడుగ మిగుల్చుటకు కాలినడక, రాత్రి ఆకలి తోడనే మరల పుస్తకము. దీనికి తోడు మఱియొక చిక్కు కలిగెను. 1920 మొదట మిక్కిలి హెచ్చియున్న రూపాయి మారకపు వెల ఆ సంవత్సరాంతమునకే పడిపోయి, 1921లో యుద్ధ పూర్వపు మట్టము కంటెను దిగజారెను. రూపాయలలో సొమ్ము కూర్చుకొని పౌనులలో ఖర్చు పెట్టు ప్రతి విద్యార్థికిని ఆ పతనము మూలముగా మూట కరగినది. ఆయన యప్పుడు వ్రాయుచున్న ప్రబంధము రూపాయి సమస్యను గుఱించినదే యగుట గమనింపదగినది.

1921లో ఎం.ఎస్‌సి. పట్టమును, 1922లో బారిష్టరు పదవియు లభించెను. డి.ఎస్‌సి. ప్రబంధమును పరీక్షకులు సవరించి తెమ్మనిరి. చేతిలో ధనము నిండుకొనియుండుటచే 1923లో బొంబాయికి వచ్చి, ఇచ్చటనుండియే దానిని సవరించి పంపిరి. ఆ సంవత్సరమే డి.ఎస్‌సి. పట్టము లభించెను. ఇన్ని పట్టములున్నను హైకోర్టులో న్యాయవాదిగా నమోదగుటకు వలయు రుసుము చేత లేకపోయెను. మరల భథేనాయే ఆదుకొనెను. చూచితిరా! కొలంబియాలో అచ్చు ఖర్చు, బొంబాయిలో సన్నదు రుసుము: ఆ మహామేధావిని ఆపినది ప్రతిసారియు చివరి మెట్టే.

తాను పడిన కష్టమును ఆయన మఱువలేదు. వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో సభ్యులై యుండగా 1942లో ప్రభుత్వమునకు సమర్పించిన విజ్ఞాపనమున, షెడ్యూల్డు కులముల విద్యార్థులు శాస్త్ర సాంకేతిక విద్యల నభ్యసించుటకు ఏటేట రెండు లక్షల రూపాయలును, విదేశములలో చదువుటకు ఒక లక్షయు కేటాయింపుమని కోరిరి. 1944లో ఆ కులముల కళాశాలా విద్యార్థులకు కేంద్ర ప్రభుత్వ వేతనము లారంభమయ్యెను. 1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీని స్థాపించి, 1946లో బొంబాయియందు సిద్ధార్థ కళాశాలను నెలకొల్పిరి. 1952లో కొలంబియావారును, 1953లో మన హైదరాబాదు నందలి ఉస్మానియా విశ్వవిద్యాలయమువారును గౌరవ డాక్టరు పట్టములతో ఆయనను సత్కరించిరి. 1956 డిసెంబరు 6వ తేదీన ఆయన పరమపదించిరి.

ఇక నేటి సంగతి. మన యువకులు నేడు వేలకొలదిగా విదేశములకు పోవుచున్నారు. అమెరికా విశ్వవిద్యాలయములు ప్రవేశము నిచ్చినను, వీసాకు వలయు ఐ-20 పత్రము నిచ్చుటకు ముందు, మొదటి సంవత్సరపు ఫీజునకును భోజన వసతులకును చాలిన ద్రవ్యమున్నదని నిదర్శనము చూపుమనును. ఇంగ్లండుకు పోవువారు సాధారణముగా మొదటి యేటి ఫీజులో కట్టవలసిన మొత్తమును, తొమ్మిది నెలల జీవన వ్యయమును బ్యాంకులో 28 దినములు తఱుగక నిలువ యుండునట్లు చూపవలెను. డాక్టరు పట్టమునకై పరిశోధన చేయువారికి అమెరికాలో పెక్కుచోట్ల ఫీజు మినహాయింపును, బోధనలో సాయపడినందుకు వేతనమును దొరకును. ఎం.ఎస్. వంటి పట్టములకు పోవువారి కట్టి సాయ మరుదు. తలిదండ్రులు ఇల్లును పొలమును కుదువబెట్టి పంపుచున్నారు. నడుమ రూపాయి వెల తగ్గినచో, 1921లో వలెనే, లెక్కలన్నియు తలక్రిందులగును.

మహాజనులారా! మన సంఘములలో నొక యాచార మున్నది. ప్రవేశము పొందిన విద్యార్థిని వేదికపై కెక్కించి, శాలువ కప్పి, ఒక మొత్తము చేతికిచ్చి, ఛాయాచిత్రము తీయించుకొందుము. ఆ పిమ్మట రెండవ యేట ఆతడు ఫీజు కట్టగలిగెనో లేదో విచారించువారు లేరు. అంబేడ్కరుగారి చరిత్రము మనకు నేర్పునది యిదియే: చదువు మొదటి మెట్టున ఆగుటకంటె చివరి మెట్టున ఆగుటయే యెక్కువ నష్టము, పెట్టిన ధనమంతయు అచ్చటనే నిలిచిపోవును. కావున మా మనవి మూడు విధములు. మన విద్యానిధిలో కొంత భాగమును ప్రవేశములకు గాక, చదువు నడుమ నాగినవారికి ప్రత్యేకించి యుంచవలెను. పరీక్షకును, అచ్చునకును, సన్నదునకును వలయు చిన్న మొత్తములను గడువు దాటకుండ వడ్డీ లేని యప్పుగా నీయవలెను. దానికి సంవత్సరాంతపు సభను వేచియుండగూడదు.

మూడవది, మొదట చెప్పుదుమన్న సమాధానము. అంబేడ్కరుగారికి ధనమిచ్చిన మహారాజులిద్దఱును మహార్ కులమువారు కారు. ఋణమిచ్చిన మిత్రుడు మతము చేతనే వేఱు. వారు తమవారికే యిత్తుమని తలుపు మూసికొనియుండినచో దేశ మొక మహాపురుషుని కోల్పోయియుండెడిది. మన విద్యానిధి మనవారికొఱకే యేర్పడినది. అందు తప్పు లేదు. కాని యేటేట నొక్క వేతనమునైనను, కులమడుగక, మన యూరి పాఠశాలలో మిక్కిలి నిరుపేదయు బుద్ధిమంతుడు నగు విద్యార్థికో విద్యార్థినికో కేటాయింపుడని పోషకులను ప్రార్థించుచున్నాము. ఆ మహాశయుని చరిత్రమును మన సంచికలో ప్రకటించు నర్హత మన కప్పుడే కలుగును.

వదాన్యులు గడువు తప్పక యిత్తురు గాక! విద్యార్థులు చివరి మెట్టు నెక్కుదురు గాక! ఇంతకంటె మేము కోరునది లేదు.