అమెరికా ఓడకు హైదర్ అలీ పేరు.. ఆయన ఇంతెఖాల్ అయింది మన చిత్తూరు దగ్గరే

పుత్తూరు: మన పిల్లలు బడిలో అమెరికా స్వాతంత్ర్య పోరాటం చదువుతారు. 13 వలసలు ఇంగ్లండు రాజు మీద తిరగబడ్డాయి, జార్జ్ వాషింగ్టన్ సైన్యాన్ని నడిపాడు, 1776లో స్వాతంత్ర్యం ప్రకటించుకున్నారు అని పరీక్షల్లో రాస్తారు. అయితే ఆ పోరాటం చివరి రోజుల్లో అమెరికా వాళ్లు తమ యుద్ధ ఓడ ఒకదానికి హైదర్ అలీ పేరు పెట్టుకున్న సంగతి చాలామందికి తెలియదు. ఆ హైదర్ అలీ మన ఉమ్మడి చిత్తూరు జిల్లాకు ఆనుకుని ఉన్న కోలారు ప్రాంతంలో పుట్టి, చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేటలో కన్నుమూశారు.

హైదర్ అలీ 1720 ప్రాంతంలో బూదికోటలో పుట్టారు. తండ్రి ఫతే ముహమ్మద్ సిరా నవాబు కొలువులో ఫౌజుదారు. హైదర్ చిన్నప్పుడే తండ్రి యుద్ధంలో చనిపోవడంతో కుటుంబం దిక్కులేనిదైంది. హైదర్‌కు చదువు అబ్బలేదు. జీవితాంతం చదవడం, రాయడం రాలేదు. కానీ జ్ఞాపకశక్తి మాత్రం అమోఘం. లెక్కలు, జీతాలు, మనుషుల ముఖాలు ఒక్కసారి విన్నా, చూసినా మరిచేవారు కాదంటారు. అన్న షహబాజ్‌తో పాటు మైసూరు సైన్యంలో చేరారు. 1749లో దేవనహళ్లి ముట్టడిలో పెద్దల కంట పడ్డారు. తర్వాత దిండిగల్లు ఫౌజుదారుగా వెళ్లి, ఫ్రెంచి వాళ్ల సాయంతో ఫిరంగుల కార్ఖానా పెట్టించారు. 1761 నాటికి మైసూరు రాజ్యం పగ్గాలు ఆయన చేతికొచ్చాయి. ఒడెయరు రాజులను గద్దె మీదే ఉంచి, పాలన తాను చూసుకున్నారు.

అప్పటికే ఈస్టిండియా కంపెనీ వ్యాపారం పేరుతో వచ్చి రాజ్యాలు మింగడం మొదలుపెట్టింది. ఆర్కాటు నవాబు ముహమ్మద్ అలీ కంపెనీ అప్పుల్లో మునిగిపోయి, వాళ్లు చెప్పినట్టు ఆడాల్సిన పరిస్థితికి వచ్చారు. హైదర్ అలా లొంగలేదు. మొదటి యుద్ధంలో, 1769లో, గుర్రపు దళంతో మెరుపులా మద్రాసు గుమ్మం ముందు దిగారు. కంపెనీ దొరలు బెదిరిపోయి సంధి చేసుకున్నారు. ఎవరిమీద శత్రువు దాడిచేసినా రెండోవారు సాయపడాలన్నది ఒప్పందం. రెండేళ్లకు మరాఠాలు మైసూరు మీదికి వచ్చారు. కంపెనీ వాళ్లు చేతులు కట్టుకుని చూశారు. ఆ మాట తప్పడాన్ని హైదర్ ఎన్నటికీ మరిచిపోలేదు.

అక్కడ వాళ్లు, ఇక్కడ ఈయన

1778లో ఫ్రాన్సు అమెరికా వలసలతో చేతులు కలిపింది. దాంతో ఇంగ్లండు, ఫ్రాన్సుల మధ్య యుద్ధం మన దేశానికీ పాకింది. ఇంగ్లీషు వాళ్లు ముందు పాండిచ్చేరిని పట్టుకున్నారు. 1779లో మలబారు తీరంలోని మాహే రేవును కూడా తీసుకున్నారు. మాహే హైదర్ రక్షణలో ఉన్న చోటు, ఆయనకు మందుగుండు సరుకు దిగే రేవు. వద్దని చెప్పినా కంపెనీ వినలేదు. ఎక్కడో అట్లాంటిక్ ఒడ్డున రాజుకున్న నిప్పు అలా మన కొండల దాకా వచ్చింది.

1780 జులైలో హైదర్ దాదాపు 80 వేల మంది సైన్యంతో కనుమలు దిగారు. గుంటూరు నుంచి కర్నల్ బెయిలీ అనే దొర ఒక దళాన్ని తీసుకుని, కంచి వైపు ఉన్న పెద్ద సైన్యంతో కలవడానికి బయల్దేరాడు. ఆగస్టు 25న కొసస్తలైయారు ఒడ్డుకు చేరాడు. మన నగరి కొండల నీళ్లు కిందికి పోయి కలిసేది ఈ ఏటిలోనే. ఆ రోజు ఏరు దాదాపు ఎండి ఉంది. రేపు దాటొచ్చులే అని ఇవతలి ఒడ్డునే గుడారాలు వేశాడు. రాత్రికి రాత్రి వరద వచ్చింది. వారం పైన అక్కడే చిక్కుకుపోయాడు.

ఈలోగా టిపూ దారి కాశాడు. సెప్టెంబర్ 10న కంచి దగ్గర పొల్లిలూరులో తండ్రీకొడుకులు బెయిలీ దళాన్ని చుట్టుముట్టారు. మైసూరు వాళ్ల ఇనుప గొట్టాల రాకెట్లు, ఫిరంగి గుండ్లు పడి కంపెనీ మందుగుండు బండ్లు పేలిపోయాయి. నాలుగు వేలకు దగ్గరగా ఉన్న ఆ దళంలో చావగా మిగిలినవాళ్లు, బెయిలీతో సహా, ఖైదీలయ్యారు. కంచిలో ఉన్న సేనాని మన్రో తన పెద్ద ఫిరంగులను గుడి కోనేట్లో పడేసి మద్రాసుకు వెనుదిరిగాడు. భారతదేశంలో కంపెనీ సైన్యం అంత ఘోరంగా ఓడడం అప్పటిదాకా లేదు. నవంబర్‌లో ఆర్కాటు కూడా హైదర్ వశమైంది.

ఈ వార్తలు అమెరికా దాకా వెళ్లాయి. తమ శత్రువును తూర్పున ఒకాయన మట్టికరిపిస్తున్నాడని అక్కడివాళ్లు సంబరపడ్డారు. పెన్సిల్వేనియా రాష్ట్రం తన వర్తక ఓడల కాపలాకు సిద్ధం చేసిన ఓడకు హైదర్ పేరు పెట్టారు. 1782 ఏప్రిల్ 8న డెలావేర్ అఖాతంలో 22 ఏళ్ల జాషువా బార్నీ ఆ ఓడను నడిపి, తనకంటే పెద్దదైన జనరల్ మంక్ అనే ఇంగ్లీషు ఓడను అరగంటలోపే పట్టుకున్నాడు. ఫిలిప్ ఫ్రెనో అనే కవి ఆ విజయంపై పద్యం కూడా రాశాడు.

గెలుపు ఎందుకు నిలవలేదు?

కంపెనీ కొత్త సేనాని ఐర్ కూట్‌ను బెంగాల్ నుంచి దింపింది. 1781 జులైలో పరంగిపేట దగ్గర, సెప్టెంబర్‌లో షోళింగర్ దగ్గర హైదర్‌కు దెబ్బ తగిలింది. పుత్తూరు నుంచి నగరి, తిరుత్తణి మీదుగా పోతే షోళింగర్ ఎంతో దూరం కాదు. యుద్ధం అంటే మన వాకిట్లోనే జరిగిందన్నమాట. రెండు సైన్యాల మధ్య నలిగింది పల్లె జనమే. శత్రువుకు గింజ దొరకకూడదని హైదర్ సేనలు మద్రాసు చుట్టుపక్కల ఊళ్లు తగలబెట్టాయి. తర్వాత కరువు వచ్చి జనం ఆకలితో చచ్చారు. ఆయన గొప్పతనం చెప్పుకునేటప్పుడు ఈ మాట దాచకూడదు.

అసలు దెబ్బ వేరే చోట తగిలింది. 1780లో హైదర్, మరాఠాలు, నిజాం ముగ్గురూ కంపెనీకి ఎదురు నిలవాలని మాట అనుకున్నారు. కంపెనీ నిజాంకు గుంటూరు తిరిగి ఇచ్చి పక్కకు తప్పించింది. 1782 మేలో సాల్బాయి సంధితో మరాఠాలను విడదీసింది. హైదర్ ఒంటరి అయ్యారు. నేల మీద ఎన్నిసార్లు గెలిచినా, సముద్రం మీద ఓడలు వస్తూనే ఉంటే కంపెనీని తరమలేమని ఆయనకు బాగా తెలుసు. జులైలో కడలూరులో ఫ్రెంచి నౌకాదళపతి సఫ్రెన్‌ను కలిసింది అందుకే.

అప్పటికే ఆయన వీపున రాచపుండు లేచింది. 1782 డిసెంబర్ 7న, హిజ్రీ 1197 ముహర్రం మొదలవుతున్న రోజుల్లో, నరసింగరాయనిపేట గుడారంలో ఇంతెఖాల్ అయ్యారు. టిపూ మలబారులో ఉన్నాడు. విషయం తెలిస్తే సైన్యం చెదిరిపోతుందని పూర్ణయ్య, కృష్ణారావు అనే ఇద్దరు బ్రాహ్మణ అధికారులు గుట్టుగా ఉంచారు. జనాజాను ఖజానా పెట్టెలా కట్టి కోలారుకు పంపించారు. టిపూ వచ్చేదాకా సైన్యం చెదరలేదు. తర్వాత శ్రీరంగపట్నం గుంబజ్‌లో ఖననం చేశారు.

1783లో పారిస్ సంధితో అమెరికా స్వతంత్ర దేశమైంది. 13 వలసలకూ ఒకదానికొకటి పడేది కాదు. అయినా 1787లో కూర్చుని ఒకే రాజ్యాంగం రాసుకున్నాయి. నల్లవాళ్ల బానిసత్వాన్ని మాత్రం అలాగే ఉంచాయి. ఇక్కడ మూడు పెద్ద రాజ్యాలు ఒక్క యుద్ధంలో కూడా చివరిదాకా కలిసి నిలవలేదు. అమెరికాలో యార్క్‌టౌన్ దగ్గర లొంగిపోయిన కార్న్‌వాలిస్సే 1792లో మరాఠాలను, నిజాంను వెంటబెట్టుకుని వచ్చి టిపూ రాజ్యంలో సగం తీసుకున్నాడు. 1799లో టిపూ శహీద్ అయ్యారు. 1801లో ఆర్కాటు రాజ్యం కూడా కంపెనీ చేతికి పోయింది.

హైదర్ పోరాడింది తన రాజ్యం కోసం. దేశం అనే నేటి భావన ఆనాడు లేదు. కానీ తెల్లవాడి ముందు తల వంచకుండా ఉండొచ్చని చూపించినవాళ్లలో ఆయన ముందు వరుసలో ఉంటారు. ఆయన మరణ రహస్యాన్ని కాపాడింది వేరే మతం వాళ్లే అన్నది కూడా మన పిల్లలకు చెప్పాలి. ఆనాటి రాజులు చేయలేకపోయిన పనిని, అన్ని మతాలవాళ్లు, భాషలవాళ్లు కలిసి 1950 జనవరి 26న రాజ్యాంగం అమలులోకి తెచ్చి చేశారు. దాన్ని నిలబెట్టుకోవడం మన వంతు.

ఈసారి చిత్తూరు వైపు వెళ్తే నరసింగరాయనిపేటలో ఒక్క నిమిషం ఆగండి. పిల్లలకు ఆ ఓడ కథ చెప్పండి. అల్లాహ్ హైదర్ అలీకి మగ్ఫిరత్ ప్రసాదించుగాక. ఆమీన్.