ఊపిరితిత్తుల లోపలి నిర్మాణాన్ని చూపిన మార్సెల్లో మాల్ఫీజి

మనం పీల్చిన గాలి ముక్కు, గొంతు, స్వరపేటికల మీదుగా వాయునాళంలోకి పోతుంది. వాయునాళం రెండు శ్వాసనాళాలుగా చీలుతుంది. అవి చెట్టు కొమ్మల్లా సన్నని శ్వాసనాళికలుగా విడిపోయి, చివరకు గాలి నిండే చిన్న చిన్న తిత్తులతో ముగుస్తాయి. ఈ తిత్తులే వాయుగోణులు. వీటిని మొదట గుర్తించి వర్ణించినవాడు ఇటలీ వైద్యుడు మార్సెల్లో మాల్ఫీజి.

మాల్ఫీజి 1628లో బొలోన్యా నగరానికి దగ్గరలోని క్రెవల్కోరేలో జన్మించాడు. అతనికి 21 ఏళ్ల వయసులోనే తల్లిదండ్రులు మరణించారు. అయినా చదువు మానలేదు. 1653లో బొలోన్యా విశ్వవిద్యాలయం నుండి వైద్య పట్టా పొందాడు. 1656లో పీసాలో ఆచార్యుడై, అక్కడ గణితవేత్త బొరెల్లీతో స్నేహం చేశాడు. 1659లో తిరిగి బొలోన్యా చేరాడు.

రక్తం శరీరమంతటా తిరుగుతుందని ఇంగ్లండు వైద్యుడు విలియం హార్వే 1628లోనే నిరూపించాడు. కాని ధమనుల్లోని రక్తం సిరల్లోకి ఏ దారిన చేరుతుందో ఆయన చూడలేకపోయాడు. ఊపిరితిత్తులు మాంసపు ముద్దల వంటివని కూడా ఆ రోజుల్లో చాలామంది నమ్మేవారు.

మాల్ఫీజి ఊపిరితిత్తుల్లోకి గాలి ఊది, ఎండబెట్టి, సూక్ష్మదర్శినితో పరిశీలించాడు. లోపల పలుచని గోడలున్న గాలి గదులు కనిపించాయి. కప్ప ఊపిరితిత్తి పలుచగా, పారదర్శకంగా ఉంటుంది. అందులో ధమనులను, సిరలను కలిపే అతి సన్నని నాళాల వల కనిపించింది. అవే రక్తకేశనాళికలు. హార్వే చూడలేకపోయిన దారి ఇదే. ఈ విషయాలను బొరెల్లీకి రాసిన రెండు లేఖలుగా 1661లో ప్రచురించాడు.

ఈ కొత్త విషయాలను బొలోన్యాలోని పాత పద్ధతి ఆచార్యులు అంగీకరించలేదు. అతన్ని తీవ్రంగా వ్యతిరేకించారు. 1662లో మాల్ఫీజి మెస్సీనాకు వెళ్లి, నాలుగేళ్ల తరువాత తిరిగి వచ్చాడు. 1669లో లండన్ రాయల్ సొసైటీ అతన్ని సభ్యునిగా ఎన్నుకుంది. 1684లో ఇల్లు కాలిపోయి సూక్ష్మదర్శినులు, రాతప్రతులు నాశనమయ్యాయి. అయినా పరిశోధన ఆపలేదు. 1691లో పోప్ వైద్యుడిగా రోమ్ వెళ్లి, 1694లో అక్కడే మరణించాడు.

ఊపిరితిత్తులు రక్తాన్ని బాగా కలపడానికే ఉన్నాయని మాల్ఫీజి భావించాడు. అది సరికాదు. ఆక్సిజన్‌ను కనుగొన్నది 1770లలో. వాయుగోణుల పలుచని గోడల గుండా ఆక్సిజన్ రక్తంలోకి, కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి మారతాయని ఆ తరువాతే తెలిసింది. మనిషి ఊపిరితిత్తుల్లో కోట్ల సంఖ్యలో వాయుగోణులు ఉంటాయి. అందువల్లనే గాలికీ రక్తానికీ మధ్య వాయువుల మార్పిడికి అంత విశాలమైన చోటు దొరుకుతుంది. పని విషయంలో పొరబడినా, నిర్మాణాన్ని కళ్లతో చూసి ఉన్నది ఉన్నట్లు రాశాడు. తరువాతి వారి పనికి అదే పునాది అయింది.

ఆలోచించి రాయండి
1. మాల్ఫీజి కప్ప ఊపిరితిత్తిని ఎన్నుకోవడం వల్ల కలిగిన మేలు ఏమిటి?
2. హార్వే పరిశోధనలో మిగిలిన లోటును మాల్ఫీజి ఎలా పూరించాడు?