సురవరం ప్రతాపరెడ్డి

హైదరాబాదు రాజ్యమును నైజాము ప్రభువు లేలుచున్న కాలమది. తెలంగాణములో ప్రజల వాడుకభాష తెలుగు. రాజభాష మాత్రము ఉర్దూ. పల్లెపల్లెను పద్యములు వ్రాయగలవా రుండిరి. కాని వారి వ్రాతలను అచ్చువేయువారు అరుదు. ఒక యూరి కవి పేరు పొరుగూరివారికి తెలియకుండెను. ఎందరి కవిత్వమో చేతివ్రాత ప్రతులలోనే అణగిపోవుచుండెను. అట్టి కవుల నొక్కచోటికి చేర్చిన మహనీయుడు సురవరం ప్రతాపరెడ్డి.

ఆయన 1896వ సంవత్సరము మే 28వ తేదీన జన్మించెను. స్వగ్రామము పాలమూరు సీమలోని ఇటిక్యాలపాడు. కర్నూలులోను, హైదరాబాదులోను చదివి, పిదప న్యాయశాస్త్రమున పట్టభద్రుడయ్యెను. సంస్కృతము, ఉర్దూ, పారసీకము, ఆంగ్లము నేర్చియు మాతృభాషపై మక్కువ వీడలేదు. హైదరాబాదులోని రెడ్డి విద్యార్థి వసతిగృహమునకు నిర్వాహకుడై, అచటి గ్రంథాలయమును పెంపొందించి, విద్యార్థులలో సాహిత్యాభిరుచిని కలిగించెను.

1926 మే 10వ తేదీన ఆయన సంపాదకత్వమున గోలకొండ పత్రిక వెలువడెను. అది వారమునకు రెండుమారులు వచ్చుచుండెడిది. వ్యాసములు వ్రాయుట మొదలు అచ్చుతప్పులు దిద్దుట వఱకు పెక్కు పనులు ఆయనయే చేసికొనుచుండెను. క్రొత్తగా కలము పట్టినవారికి ఆ పత్రిక యొక వేదిక యయ్యెను.

ఇట్లుండగా, తెలంగాణములో కవులు పూజ్యమని ఒక పండితుడు వ్రాసెను. పూజ్యమనగా సున్న. ఆ మాట తెలంగాణమువారి మనస్సులను మిక్కిలి నొప్పించెను. అందులకు బదులు చెప్పకున్నచో అదియే నిజమని లోకము నమ్మెడిది. కాని మాటకు మాట విసరినంత మాత్రమున కవు లున్నారని రుజువు కాదు. ప్రతాపరెడ్డి కలహమునకు దిగక, కవులనే సాక్ష్యముగా నిలుప నిశ్చయించుకొనెను. తమ పద్యములను పంపుడని కవులను కోరెను. మారుమూల పల్లెలనుండియు రచనలు వచ్చెను. వానిని చేర్చి, 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించెను. అందు చోటు పొందినవారు 354 మంది! వారిలో పండితులు కలరు, పామరులకు సన్నిహితులైన పల్లెకవులు కలరు, స్త్రీలును కలరు. అంతవఱకు ఒకరి నొకరు ఎఱుగని కవుల పేర్లు ఒక్క గ్రంథమున ప్రక్కప్రక్కన నిలిచెను. తాము ఒంటరివారము కామని వారికి తెలిసివచ్చెను.

ప్రతాపరెడ్డి స్వయముగా గొప్ప రచయిత. రాజుల యుద్ధములను గాక, సామాన్యప్రజల ఆహారవిహారములను, ఆచారములను పరిశోధించి ఆంధ్రుల సాంఘిక చరిత్రను రచించెను. 1930లో జోగిపేటలో జరిగిన నిజామాంధ్ర మహాసభ ప్రథమ సమావేశమునకు అధ్యక్షత వహించెను. 1952లో వనపర్తి నుండి శాసనసభకు ఎన్నికయ్యెను. 1953 ఆగస్టు 25న కీర్తిశేషుడయ్యెను. 1955లో ఆయన సాంఘిక చరిత్రకు కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించెను. తెలుగున ఆ బహుమానము పొందిన మొదటి గ్రంథ మదియే.

తన పేరు నిలుపుకొనుటకు ప్రయత్నించువారు పెక్కుమంది. ఇతరుల పేర్లు నిలుపుటకై శ్రమించువారు కొందఱే. ప్రతాపరెడ్డి ఆ కొందఱిలో నొకడు. నిందకు కోపముతో గాక కార్యముతో బదులు చెప్పుట ఆయన జీవితమునుండి మనము నేర్వదగిన పాఠము.