గడ్డి నేల చెప్పిన సత్యం: సర్ జాన్ బెన్నెట్ లాస్ జీవితం

ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కేంద్రమైన బిలాస్‌పూర్‌లో ఉద్యోగరీత్యా స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఎరువుల బస్తాలు మోసుకొచ్చే గూడ్సు బండ్లు పరిచితమే. ఆ బస్తాల్లో రైతులు సూపర్ అని పిలుచుకునే భాస్వరపు ఎరువు ఒకటి. ఆ ఎరువుతో సంపద గడించి, ఆ సంపదనే ఎరువుల మంచిచెడ్డలు తేల్చే పరిశోధనకు ధారపోసిన ఆంగ్లేయుడు సర్ జాన్ బెన్నెట్ లాస్.

లాస్ 1814 డిసెంబరు 28న లండన్‌కు ఉత్తరాన హార్పెండెన్ సమీపంలోని రోథామ్‌స్టెడ్‌లో జన్మించారు. ఎనిమిదేళ్ల వయసుకే తండ్రిని కోల్పోయారు. ఆక్స్‌ఫర్డ్‌లో చేరినా పట్టా పుచ్చుకోకుండానే తిరిగివచ్చి, 1834లో కుటుంబ భూముల బాధ్యత చేపట్టారు. రసాయన శాస్త్రంపై మక్కువతో మొదట కుండీల్లోని మొక్కలపైనా, తర్వాత పొలాల్లోనూ ప్రయోగాలు సాగించారు. ఎముకల పొడిని గంధకామ్లంతో కలిపితే అందులోని భాస్వరం నీటిలో సులువుగా కరిగి పైరుకు అందుతుందని గ్రహించారు. 1842లో ఈ పద్ధతికి పేటెంటు పొంది, మరుసటి ఏడాది లండన్‌లోని డెప్ట్‌ఫర్డ్‌లో కర్మాగారం నెలకొల్పారు.

అదే 1843లో జర్మనీలో లీబిగ్ వద్ద చదువుకున్న రసాయన శాస్త్రవేత్త జోసెఫ్ హెన్రీ గిల్బర్ట్ ఆయనతో చేరారు. వారి సాహచర్యం 57 ఏళ్లు సాగింది. పైరుకు కావలసిన నత్రజని గాలి నుంచే తగినంత లభిస్తుందన్న లీబిగ్ వాదాన్ని, నేలలో నత్రజని వేస్తేనే గోధుమ దిగుబడి పెరుగుతుందని ఏటేటా కొలతలతో చూపి వారు ఖండించారు.

వీరి ప్రయోగాల్లో విలక్షణమైనది 1856లో ఆరంభమైన ఎండుగడ్డి క్షేత్రం. అంతకు ముందు కనీసం వందేళ్లుగా దున్నని సుమారు ఏడెకరాల పచ్చికను మడులుగా విభజించారు. కొన్నింటికి ఏమీ వేయలేదు. మరికొన్నింటికి నత్రజని, భాస్వరం, పొటాష్, పశువుల ఎరువు వేర్వేరుగానూ కలిపీ వేశారు. ప్రతి కోతలో గడ్డిని తూచారు. కొన్ని సంవత్సరాల్లో అందులోని మొక్కల జాతులను వేరు చేసి లెక్కించారు.

ఫలితం రెండంచుల కత్తిలా తేలింది. నత్రజనితో పాటు ఖనిజ ఎరువులు వేసిన మడుల్లో గడ్డి రాశులుగా పెరిగింది. కానీ ఒకటి రెండు మొండి జాతులు మిగతావాటిని అణచివేశాయి. భాస్వరం, పొటాష్ మాత్రమే వేసిన చోట పప్పుజాతి మేత మొక్కలు బలపడ్డాయి. ఏమీ వేయని మడిలో దిగుబడి స్వల్పమే అయినా, సుమారు 40 రకాల మొక్కలు నిలిచాయి. ఏటా అమ్మోనియం సల్ఫేటు వేసిన మడుల్లో నేల ఆమ్లగుణం పెరిగి, రెండు మూడు జాతులే మిగిలాయి. ఎరువు అమ్మి సంపన్నుడైన వ్యక్తి పొలంలోనే ఎరువు పరిమితి బయటపడింది. ఆ లెక్కలను లాస్ దాచలేదు. గిల్బర్ట్‌తో కలిసి ప్రచురించారు.

1872లో ఎరువుల వ్యాపారాన్ని 3 లక్షల పౌండ్లకు విక్రయించారు. తన మరణానంతరమూ ప్రయోగాలు ఆగరాదని 1889లో లక్ష పౌండ్లతో ధర్మనిధి నెలకొల్పారు. 1882లో బ్రిటిష్ ప్రభుత్వం ఆయనకు బారొనెట్ హోదా ఇచ్చింది. 1900 ఆగస్టు 31న కన్నుమూశారు. మరుసటి ఏడాది గిల్బర్ట్ కూడా మరణించారు.

ఆ ధర్మనిధి ఫలం తెలుగువారి దాకా చేరింది. దశాబ్దాల రోథామ్‌స్టెడ్ లెక్కలను విశ్లేషించడానికి 1919లో అక్కడ చేరిన రొనాల్డ్ ఫిషర్ ఆధునిక గణాంక పద్ధతులను రూపొందించారు. తర్వాతి కాలంలో కేంబ్రిడ్జిలో ఆయన పర్యవేక్షణలోనే కల్యంపూడి రాధాకృష్ణారావు డాక్టరేటు పొందారు.

ఎండుగడ్డి క్షేత్రంలో కోతలు నేటికీ సాగుతున్నాయి. ఛత్తీస్‌గఢ్‌లో భాటా అని పిలిచే ఎర్ర కంకర నేలల్లో పశువులను మేపుకునేవారికీ అది చెప్పే మాట ఒక్కటే: ఎరువు వేసేముందు నేల ఆమ్లగుణాన్ని పరీక్షించుకోవాలి, మోపుల సంఖ్యతో పాటు మేతలోని రకాలనూ లెక్కలోకి తీసుకోవాలి.