గురజాడ తీర్చిన మనుషులు

గురజాడ వేంకట అప్పారావు 1862 సెప్టెంబరు 21న విశాఖపట్నం ప్రాంతంలోని సర్వసిద్ధి రాయవరంలో జన్మించారు. తల్లి కౌసల్యమ్మ, తండ్రి వేంకట రామదాసు. చీపురుపల్లిలో చదువు మొదలుపెట్టి, పై చదువులకు విజయనగరం చేరారు. అక్కడ గిడుగు రామమూర్తి ఆయన సహాధ్యాయి.

అప్పారావు మొదట ఇంగ్లీషులో కవిత్వం రాశారు. 1883లో రాసిన ‘సారంగధర’ కావ్యాన్ని కలకత్తా సంపాదకుడు శంభుచంద్ర ముఖర్జీ మెచ్చుకొన్నారు. అయితే, మాతృభాషలో రాస్తేనే ప్రతిభ రాణిస్తుందని హితవు చెప్పారు. అప్పారావు ఆ మాట మనసుకు పట్టించుకొన్నారు. పట్టభద్రులై మహారాజా కళాశాలలో అధ్యాపకులయ్యారు. ఆనందగజపతి మహారాజు ఆదరం పొందారు.

ఆ రోజుల్లో డబ్బు తీసుకొని పసిపిల్లలను ముసలివారికిచ్చి పెళ్లిచేసే దురాచారం ఉండేది. అదే కన్యాశుల్కం. విశాఖపట్నం జిల్లాలోని బ్రాహ్మణ కుటుంబాలలో మూడేళ్లలో జరిగిన ఇటువంటి పెళ్లిళ్ల జాబితాను మహారాజు తయారుచేయించారు. లెక్క 1,034కు చేరింది. వారిలో అయిదేళ్ల పిల్లలు 99 మంది. ఏడాది వయసు పిల్లలు సైతం ముగ్గురున్నారు.

అంకెలు చూసి జాలిపడినవారు మరునాటికి మరచిపోవచ్చు. కళ్లముందు నిలిచి మాట్లాడే మనిషిని మరచిపోవడం కష్టం. అప్పారావు ఆ అంకెల వెనుక ఉన్న మనుషులను ‘కన్యాశుల్కం’ నాటకంలోకి తెచ్చారు. అది 1892లో విజయనగరంలో ప్రదర్శితమై, 1897లో అచ్చయింది.

అందులో అగ్నిహోత్రావధాన్లకు ముక్కుమీద కోపం. చిన్న కూతురు సుబ్బిని డబ్బుకోసం ముసలి లుబ్ధావధాన్లకు ఇవ్వబోతాడు. పెద్ద కూతురు బుచ్చమ్మ చిన్నతనంలోనే వితంతువై ఇంట్లో ఉన్నా అతని కళ్లు తెరుచుకోవు. సుబ్బి మేనమామ కరటకశాస్త్రి తన శిష్యునికి ఆడవేషం వేసి, లుబ్ధావధాన్లకు పెళ్లికూతురుగా అంటగడతాడు. గిరీశం నాలుగు ఇంగ్లీషు ముక్కలు కలిపి సంఘసంస్కరణపై ఉపన్యాసాలిస్తాడు. చూసుకొనేది మాత్రం తన లాభమే. అయినా అతని మాటలకు నవ్వనివారుండరు. లోకం చిన్నచూపు చూసిన వేశ్య మధురవాణి తెలివిలోను, దయలోను పెద్దమనుషులను మించిపోతుంది. పూర్తిగా మంచివారు, పూర్తిగా చెడ్డవారు అన్న గీతలు అక్కడ చెరిగిపోతాయి.

ఈ పాత్రలన్నీ ఒకే తీరున మాట్లాడవు. పండితుని పలుకు వేరు, పనివాని పలుకు వేరు, పోలీసు పలుకు వేరు. మాట వినగానే మనిషిని పోల్చుకోవచ్చు. గ్రాంథికభాషలో ఈ తేడాలు కనిపించవు కనుకనే అప్పారావు వాడుకభాషను ఎన్నుకొన్నారు.

ఒకసారి అచ్చయిందని ఆయన తృప్తిపడలేదు. నాటకాన్ని ఎంతగానో పెంచి, మధురవాణి పాత్రకు మరింత బలమిచ్చి, 1909లో మళ్లీ ప్రచురించారు. 1910లో ‘దిద్దుబాటు’ కథ రాశారు. వాడుకభాషకు బడులలో చోటు ఉండాలని వాదించి, 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి అసమ్మతి పత్రం సమర్పించారు. అప్పటికి ఆ వాదం నెగ్గలేదు. 1915 నవంబరు 30న ఆయన కన్నుమూశారు.

నేటి ఒడిశాలోని పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా పనిచేసిన గిడుగు రామమూర్తి ఆ ఉద్యమాన్ని ముందుకు నడిపారు. నేడు తెలుగు పిల్లలు ఏ రాష్ట్రంలో ఉన్నా, తాము మాట్లాడే తెలుగులో కథ రాయగలుగుతున్నారంటే అందులో ఆ ఇద్దరు మిత్రుల కృషి ఉంది.

అభ్యాసం

1. కన్యాశుల్కం పెళ్లిళ్ల జాబితాకు, నాటకానికి ఉన్న సంబంధమేమిటి?
2. గిరీశం, మధురవాణి పాత్రలను పోల్చి రాయండి.
3. మీ ఊరి సంతలో కనిపించే ఒక మనిషిని ఊహించండి. అతనికి ఏమి కావాలి? దేనికి భయపడతాడు? ఎలా మాట్లాడతాడు? పేరు పెట్టి, పది వాక్యాలలో ఆ పాత్రను చిత్రించండి.