సమన్యాయ సాధకుడు దామోదరం సంజీవయ్య

రాయలసీమ వానకు మొగము వాచిన నేల. 1800లో నిజాము ఆంగ్లేయులకు అప్పగించినందున దత్తమండలమని పేరు పొంది, 1928 నాటి నంద్యాల సభ తరువాత రాయలసీమగా ప్రసిద్ధికెక్కిన ఈ ప్రాంతంలో కరవు అందరినీ సమానంగా బాధించదు. భూమి ఉన్నవానికి ఒక పంట పోతే భూమి లేనివానికి కూలి పోతుంది. ఊరిబావిలో చేద వేసే హక్కే లేనివానికి దాహమైనా తీరదు. అట్టి సమాజంలో అట్టడుగున జన్మించి, రాష్ట్రానికి ముఖ్యమంత్రియై, సామాజిక న్యాయానికి ప్రతీకగా నిలిచిన మహనీయుడు దామోదరం సంజీవయ్య.

సంజీవయ్య 1921 ఫిబ్రవరి 14న కర్నూలు సమీపాన గల పెదపాడులో మునియ్య, సుంకులమ్మ దంపతులకు జన్మించారు. నాటి సమాజం అస్పృశ్యులుగా పరిగణించిన మాల కులం వారిది. సొంత భూమి లేని ఆ కుటుంబానికి నేతపని, కూలిపని జీవనాధారాలు. పసితనంలోనే తండ్రి గతించారు. పేదరికం వెన్నాడుతున్నా చదువుపై మక్కువతో కర్నూలులో పాఠశాల విద్య పూర్తిచేశారు.

పైచదువులకు ఆయన అనంతపురంలోని దత్తమండల కళాశాలలో చేరారు. 1916లో వెలసిన ఆ కళాశాల కరవుసీమ విద్యార్థులకు కల్పతరువు. తరతరాలుగా అక్షరానికి దూరమైన కుటుంబం నుండి వచ్చిన ఆ యువకుడు అక్కడ గణితశాస్త్రంలో రాణించారు. ప్రతిభ ఏ వాడలోనైనా జన్మిస్తుందనీ, అది వికసించడానికి కావలసిన అవకాశం మాత్రం అన్ని వాడలకూ అందలేదనీ ఆయన విద్యార్థి జీవితమే నిరూపించింది. పిదప చిరుద్యోగాలు చేస్తూ మద్రాసులో న్యాయశాస్త్రం అభ్యసించి న్యాయవాది అయ్యారు.

1950లో తాత్కాలిక పార్లమెంటులో సభ్యత్వం లభించింది. సమానత్వమంటే ఏమిటన్న ప్రశ్న దేశాన్ని కుదిపివేసిన కాలమది. మద్రాసు రాష్ట్రంలో కళాశాలల సీట్లను 14 చొప్పున విభజించి, వివిధ వర్గాలకు పంచే ప్రభుత్వ ఉత్తర్వు అమలులో ఉండేది. పుట్టుకను బట్టి కాక యోగ్యతను బట్టి సీటు ఇవ్వాలని చంపకం దొరైరాజన్ న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. 1951లో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వు చెల్లదని తీర్పు చెప్పింది. వ్యక్తిగా ఆమె వాదనలో న్యాయం లేకపోలేదు. కాని శతాబ్దాల పాటు బడి గడప తొక్కనీయని వారిని, తరతరాల విద్యావంతులతో ఒకే గీత మీద నిలిపి పరుగెత్తమనడమూ న్యాయం కాజాలదు. ఆ ఏడాదే పార్లమెంటు రాజ్యాంగానికి తొలి సవరణ చేసి, వెనుకబడిన వర్గాలకు ప్రత్యేక ఏర్పాట్లు చేసే అధికారాన్ని ప్రభుత్వాలకు కల్పించింది. సంజీవయ్య నాటి సభలో సభ్యులు.

1952లో మద్రాసు శాసనసభకు ఎన్నికై రాజాజీ మంత్రివర్గంలో చేరారు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన పిదపనూ మంత్రిగా పలు శాఖలు నిర్వహించారు. అనంతపురం జిల్లా ఇల్లూరుకు చెందిన నీలం సంజీవరెడ్డి అఖిల భారత కాంగ్రెసు అధ్యక్షులు కాగా, 1960 జనవరి 11న సంజీవయ్య ముఖ్యమంత్రి పదవిని అధిష్ఠించారు. అప్పటికాయనకు 39 ఏళ్ళు నిండలేదు. దేశంలో ఆ పదవిని అలంకరించిన తొలి దళితుడు ఆయనే.

చట్టసభలలో షెడ్యూల్డు కులాలకు, తెగలకు స్థానాల కేటాయింపు రాజ్యాంగం నిర్దేశించిన ప్రకారం సరిగ్గా ఆ నెలలోనే ముగియవలసి ఉండినది. ఎనిమిదవ సవరణ దానిని మరి పదేళ్ళు పొడిగించింది. గడువు చట్టసభల స్థానాలకే గాని విద్యకు, ఉద్యోగాలకు కాదు. ఈ భేదం గ్రహింపక పదేళ్ళ గడువును అన్నింటికీ అన్వయించడం నేటికీ కద్దు. ముఖ్యమంత్రి పదవికి మాత్రం ఏ రిజర్వేషనూ లేదు. తెరచిన ద్వారం అవకాశాన్ని ఇవ్వగలదు. దక్షతను, శీలాన్ని ఎవరికి వారే సంపాదించుకోవాలి.

ఆ రెండింటినీ ఆయన పాలన చాటింది. 1961లో భూగరిష్ఠ పరిమితి చట్టం వచ్చింది. బంజరు భూములు పేదలకు దక్కాయి. అవినీతి నిరోధక శాఖ ఏర్పడినదీ ఆ సంవత్సరమే. సొంత పక్షంలోని అసమ్మతిని ఎదుర్కొంటూనే ఆయన 1962 మార్చి వరకు పదవిలో కొనసాగారు. అనంతరం కాంగ్రెసు అధ్యక్షులైన తొలి దళితుడిగా ఖ్యాతి గడించారు. 1964లో కేంద్ర కార్మిక శాఖ మంత్రి అయ్యారు. కార్మికులకు కనీస బోనసును హక్కుగా చేసిన 1965 నాటి చట్టం ఆయన హయాములోనిదే. రెండవమారు కాంగ్రెసు అధ్యక్షులుగా ఉండగా 1972 మే నెలలో కన్నుమూశారు. అంతటి పదవులు నిర్వహించినా ఆస్తులు కూడబెట్టలేదు.

ఈ వివాదం మన దేశానికే పరిమితం కాదు. సంజీవయ్య ముఖ్యమంత్రిగా ఉన్న 1961లోనే అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ ప్రభుత్వ గుత్తేదారులు జాతి, వర్ణ వివక్ష లేకుండా ఉద్యోగాలివ్వడానికి చొరవతో చర్యలు తీసుకోవాలని ఆజ్ఞ జారీచేశారు. విశ్వవిద్యాలయ ప్రవేశాలలో జాతిని పరిగణించడం చెల్లదని 2023లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. రిజర్వేషన్ల ఫలం షెడ్యూల్డు కులాలలో మరింత వెనుకబడిన వారికి అందేలా ఉపవర్గీకరణ చేయవచ్చునని 2024లో మన సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

ఒకరు శిఖరమెక్కినంత మాత్రాన వాడంతా శిఖరం చేరినట్లు కాదు. అట్లని ఒకరు ఎక్కిన మార్గం వ్యర్థమూ కాదు. పెదపాడు నుండి బయలుదేరిన ఒక బాలునికి అనంతపురం కళాశాల తలుపు తెరచినందువలన రాష్ట్రానికి ఒక నిజాయితీపరుడైన పాలకుడు లభించాడు. తెరవని తలుపుల వెనుక ఎందరు సంజీవయ్యలు మరుగున పడిపోయారో లెక్కించగలవారెవరు?