బంకమట్టిలో గుంట చెప్పిన లెక్క

తెనాలిలో రేపల్లె బస్సెక్కారనుకోండి. సీటు దొరకలేదు. చంకలో పిల్లాడు, చేతిలో సంచీ. వేమూరు దాటాక గేదె ఒకటి రోడ్డుకి అడ్డం వచ్చింది. డ్రైవరు బ్రేకు తొక్కాడు. నిలబడ్డవాళ్లంతా ముందుకు తూలారు. గేదె బతికిపోయింది. అదే బస్సు రెట్టింపు వేగంతో వస్తుంటే? ఆగడానికి దూరం కూడా రెట్టింపు కావాలి, అంతేగా అనుకుంటాం. అంతే కాదు, నాలుగు రెట్లు కావాలి!

ఈ సంగతి మీద యూరప్ పండితులు యాభై ఏళ్లకు పైగా కొట్లాడుకున్నారు. ఆ కొట్లాటలోకి దిగి, పెద్ద పెద్దవాళ్లకి ఎదురు నిలిచిన ఇల్లాలు ఎమిలీ దు షాత్లే.

ఆమె 1706 డిసెంబరు 17న పారిస్‌లో పుట్టింది. తండ్రి పద్నాలుగో లూయీ కొలువులో అధికారి. ఆడపిల్లకి చదువెందుకు అనే రోజుల్లో కూతురికి ఇంట్లోనే చదువు చెప్పించాడు. 18 ఏళ్లకి పెళ్లయింది. భర్త సైన్యంలో పనిచేసే ప్రభువు, ఇంటిపట్టున ఉండేది తక్కువ. ముగ్గురు పిల్లలు పుట్టాక, అంటే మన దగ్గర ఇంకేం చదువులే అనుకునే వయసులో, మళ్లీ లెక్కల పుస్తకం పట్టింది. మోపెర్త్వీ, క్లెరో వంటి పేరున్న గణితవేత్తలను పిలిపించుకుని పాఠాలు చెప్పించుకుంది.

వోల్తేర్ స్నేహితురాలు అన్న ఒక్క మాటతో ఆమె కథ ముగించేసేవాళ్లే ఎక్కువ. నిజమే, సిరే అనే ఊళ్లో ఆమె భర్తకున్న భవంతిలో ఆ రచయితతో కలిసి ఏళ్ల తరబడి ఉంది. అయితే ఆ ఇంట్లో ఎవరి బుర్ర వాళ్లది. 1737లో పారిస్ సైన్సు అకాడమీ నిప్పు అంటే ఏమిటో తేల్చమని పోటీ పెట్టింది. వోల్తేర్ వ్యాసం రాస్తున్నాడు. ఆయన వాదన నచ్చక, ఆయనకి తెలియకుండా రాత్రిళ్లు కూర్చుని తనూ ఒకటి రాసి పంపింది. ఇద్దరికీ బహుమతి రాలేదు గానీ, రెండు వ్యాసాలనూ అకాడమీ అచ్చు వేసింది.

1740లో భౌతికశాస్త్రం మీద ఆమె పుస్తకం వచ్చింది. కొడుక్కి పాఠాలుగా రాసిన పుస్తకం అది. అందులోనే ఈ ఆగే వస్తువు గొడవ ఉంది.

కదిలే వస్తువులో ఉన్న బలాన్ని ఎలా కొలవాలి? బరువుని వేగంతో గుణిస్తే చాలని ఒక వర్గం. మన పిల్లలు బడిలో ద్రవ్యవేగం అని చదివేది అదే. కాదు, వేగాన్ని వేగంతో గుణించి ఆపైన బరువుతో గుణించాలని లైబ్నిజ్ వర్గం. ఇప్పటి గతిశక్తికి మూలం అది (అందులో సగం తీసుకోవాలన్నది తర్వాత చేరింది). ఎమిలీ రెండో వైపు నిలబడింది. ఆమెకి గట్టి సాక్ష్యం హాలెండ్ ప్రొఫెసరు గ్రావెసాండ్ చేసిన ప్రయోగం. ఆయన ఇత్తడి గుండ్లను మెత్తటి బంకమట్టి మీద వదిలాడు. గుండు రెట్టింపు వేగంతో పడితే గుంట రెండింతలు కాలేదు, నాలుగింతలయింది. మూడు రెట్ల వేగానికి తొమ్మిదింతలు.

ఇది మనింట్లో కూడా చూడొచ్చు. రేపల్లె, బాపట్ల వైపు బంకమట్టికి కరువా? వినాయక చవితికి తెచ్చిన మట్టిలో కాస్త మిగిల్చి పళ్లెంలో పరవండి. ఇనప గుండుని ఒక అడుగు ఎత్తు నుంచి ఒకసారి, నాలుగడుగుల నుంచి ఒకసారి వదలండి. నాలుగు రెట్ల ఎత్తు నుంచి పడితేనే వేగం రెట్టింపవుతుంది. రెండు గుంటల్లోనూ నీళ్లు పోసి కొలవండి. రెండోదాంట్లో దాదాపు నాలుగింతలు పడతాయి.

అకాడమీ కార్యదర్శి మెరాన్‌ను ఆమె ఆ పుస్తకంలోనే పేరు పెట్టి తప్పు పట్టింది. ఆయనకి కోపం వచ్చింది. 1741లో ఆమెకి బహిరంగంగా లేఖ అచ్చు వేయించాడు. కొద్ది వారాల్లోనే ఆమె జవాబూ అచ్చయింది. ఇంట్లో ఉన్న వోల్తేర్ కూడా ఈ విషయంలో ఆమె పక్షం కాదు సుమా!

చివరికి తేలిందేమిటంటే, రెండు లెక్కలూ పనికొచ్చేవే, ప్రశ్నలే వేరు. ఎంతసేపట్లో ఆగుతుంది అంటే ద్రవ్యవేగం చెబుతుంది. ఎంత దూరంలో ఆగుతుంది అంటే గతిశక్తి చెబుతుంది. గంటకి 36 కిలోమీటర్ల వేగమంటే సెకనుకి 10 మీటర్లు. బ్రేకు ఆ వేగాన్ని ప్రతి సెకనుకీ 5 మీటర్ల చొప్పున తగ్గిస్తే బండి 2 సెకన్లలో ఆగుతుంది, ఈలోగా 10 మీటర్లు వెళ్తుంది. 72 కిలోమీటర్ల వేగమైతే 4 సెకన్లు, 40 మీటర్లు. సమయం రెట్టింపే, దూరం మాత్రం నాలుగింతలు. గేదెని చూసి బ్రేకు మీద కాలు వేసేలోగా బండి వెళ్లే దూరం దీనికి అదనం. పొన్నూరు మీదుగా బాపట్ల వెళ్లే రోడ్డులో అబ్బాయి బండి వేగం కాస్త పెంచితే ఏమవుతుందమ్మా అంటే ఈ లెక్క వేసి చూపించండి.

తర్వాత ఆమె న్యూటన్ మహాగ్రంథం ప్రిన్సిపియాను లాటిన్ నుంచి ఫ్రెంచిలోకి తెచ్చే పని పెట్టుకుంది. అనువాదం ఒక్కటే కాదు, వ్యాఖ్యానం కూడా. అది సాగుతుండగానే 42 ఏళ్ల వయసులో మళ్లీ నెల తప్పింది. ఆ రోజుల్లో ఆ వయసు కాన్పు అంటే ప్రాణం మీదికే. బతకనేమోనన్న భయం ఆమెకి ముందే పట్టుకుంది. విందులు, స్నేహితులు అన్నీ మానేసి, నిద్ర తగ్గించుకుని పుస్తకం ముందు కూర్చుంది. రాతప్రతులు రాజుగారి గ్రంథాలయానికి చేరేలా చూసుకుంది. 1749 సెప్టెంబరు 4న లూనెవిల్‌లో ఆడపిల్ల పుట్టింది. 10న తల్లి కన్నుమూసింది. రెండేళ్లయినా నిండకుండా ఆ పాప కూడా పోయింది.

పుస్తకం పూర్తిగా అచ్చయి వచ్చేసరికి 1759. హేలీ తోకచుక్క చెప్పిన లెక్క ప్రకారం తిరిగొచ్చి, న్యూటన్ పేరు అందరి నోటా మోగుతున్న ఏడాది అది. ఫ్రెంచివాళ్లు ప్రిన్సిపియా చదవాలంటే నేటికీ తీసేది ఆమె అనువాదమే. ఆమెను లోపలికి రానివ్వని పారిస్ అకాడమీ ఒక స్త్రీని పూర్తి సభ్యురాలిగా తీసుకున్నది 1979లో.